ఇంటి దగ్గరే తక్కువ ఖర్చుతో డెస్క్‌టాప్: విజయనగరం, శ్రీకాకుళం వాసుల కోసం సమగ్ర మార్గదర్శి

చేతి పనిగా చూస్తే డెస్క్‌టాప్ అమర్చడం పెద్ద కష్టమేమీ కాదు. ఒక మంచి స్క్రూడ్రైవర్, కాస్త వెలుతురు, ఓ పూట తీరిక ఉంటే చాలు. మనిషిని విసిగించేవి రెండే: అంతకుముందు చేసే కొనుగోలు, అంతా బిగించాక కూడా తెర నల్లగా ఉండిపోవడం. హైదరాబాదులో ఉన్నవారు సరిపడని ర్యామ్ తెచ్చుకుంటే సాయంత్రానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి వెళ్లి మార్చుకొస్తారు. మనమైతే విశాఖ బస్సో రైలో ఎక్కాలి, లేదా కొరియర్‌లో తిప్పి పంపి రోజుల తరబడి ఎదురుచూడాలి. టెక్కలి, పాలకొండ, బొబ్బిలి వైపు ఉన్నవారికి ఆ దూరం ఇంకా ఎక్కువ. అందుకే స్క్రూలు బిగించడం కంటే ముందుగా సరిచూసుకోవలసిన విషయాలకే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను. వచ్చిన వస్తువు వాపసు గడువు లోపలే పూర్తిగా పరీక్షించుకోవడం కూడా అంతే ముఖ్యం.

1. ఏ పనికి కావాలో తేల్చుకోండి

కోడింగ్, ఆన్‌లైన్ పాఠాలు, దుకాణం లెక్కలు, డీటీపీ, ఫొటోలు దిద్దడం వంటి పనులకు విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ సరిపోతుంది. పెద్ద ఆటలు, బరువైన వీడియో ఎడిటింగ్ ఉంటేనే కార్డు మాట. అదైనా తర్వాత చేర్చుకోవచ్చు. దానికి తగిన ఎస్ఎంపీఎస్ (భాగాలన్నింటికీ కరెంటు అందించే పెట్టె) మాత్రం మొదటే కొనుక్కోవాలి.

2. పేర్లలో దాగిన చిక్కులు

ఇక్కడ తొందరపడకండి. తక్కువ బడ్జెట్లో నష్టపోయేవారిలో ఎక్కువమంది ఈ దశలోనే నష్టపోతున్నారు.

మొదటిది ‘ఐ5’ అనే మాట. ‘ఐ5, 16 జీబీ, ఎస్ఎస్‌డీ’ అని చాలా చవకగా అమ్మే డెస్క్‌టాప్‌లలో తరచూ హెచ్61 మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే ప్రధాన పలక), రెండో తరం లేదా మూడో తరం ప్రాసెసర్, డీడీఆర్3 ర్యామ్ ఉంటాయి. ఆ బోర్డును నడిపే హెచ్61 చిప్‌సెట్ 2011 నాటిది. క్యాబినెట్ కొత్తది, రంగు లైట్లు కొత్తవి, లోపలి సరుకు మాత్రం అప్పటిది. విండోస్ 11 ఇంటెల్‌లో అధికారికంగా 8వ తరం నుంచే నడుస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి ఐ3నా ఐ5నా అని అడిగి ఊరుకోకుండా పూర్తి నంబరు రాయించుకోండి. 12వ తరం ఐ3-12100 కేవలం 4 కోర్లదే అయినా ఆ పాత ఐ5లను చాలా వెనక్కి నెట్టేస్తుంది.

రెండోది చివరి అక్షరం. ఐ3-12100లో గ్రాఫిక్స్ ఉంది, ఐ3-12100ఎఫ్‌లో లేదు. ఏఎండీ రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ ఉంది. 5600లో లేదు, 5500లోనూ లేదు. ఎఫ్ రకం కాస్త చవక కావడంతో చాలామంది దాన్నే ఎంచుకుంటారు. అన్నీ బిగించాక తెర వెలగదు. వస్తువు పాడై కాదు, బొమ్మను పంపే భాగమే అందులో లేక. అంత చిన్న తేడా కోసం విడిగా కార్డు కొనాల్సి రావడం ఎంత బాధో అనుభవించినవారికి తెలుసు.

మూడోది సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. 12, 13, 14 తరాల ఇంటెల్ కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఎల్‌జీఏ1700 బోర్డు కావాలి. అందులోనూ హెచ్610, బీ760 వంటి బోర్డులు డీడీఆర్4 రకంగా, డీడీఆర్5 రకంగా వేర్వేరుగా వస్తాయి. ఒకదాని ర్యామ్ మరొకదానిలో పట్టదు, గాడి వేరు. ఏఎండీలో ఏఎం4 అంటే డీడీఆర్4, ఏఎం5 అంటే డీడీఆర్5 మాత్రమే. బోర్డు పేరు చివర ‘డీ4’ అని ఉందో లేదో, పెట్టె మీద ఏం రాసి ఉందో కళ్లారా చూడాలి. ‘‘మీరు చెప్పింది లేదండీ, ఇది తీసుకోండి, రెండూ ఒకటే’’ అని కౌంటర్ దగ్గర అంటారు. వారు మోసం చేయాలని అనరు, ఉన్న సరుకు అమ్ముకోవాలని అంటారు. కానీ ఈ వ్యవహారంలో రెండూ ఒకటి కావు. డబ్బు కట్టే ముందు బోర్డు తయారీదారు వెబ్‌సైటులో ఆ మోడల్ పేజీ తెరిచి, సరిపడే ప్రాసెసర్ల జాబితాలో మీ నంబరు ఉందో లేదో ఫోనులోనే చూసుకోండి.

ఆ జాబితాలో ఇంకో గడి కూడా ఉంటుంది: ఏ బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) వెర్షన్ నుంచి ఆ ప్రాసెసర్ పనిచేస్తుందో చెప్పేది. గోదాములో ఎప్పటినుంచో పడి ఉన్న ఏఎం4 రకం బీ450 బోర్డు మీద రైజెన్ 5000 వరుస ప్రాసెసర్ పెడితే, ఫ్యాన్ తిరుగుతుంది తప్ప తెర రాకపోవచ్చు. బయోస్ మార్చాలంటే అందులో నడిచే పాత ప్రాసెసర్ ఒకటి కావాలి, అది మన దగ్గర ఉండదు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చే ఫ్లాష్‌బ్యాక్ బటన్ కొన్ని బోర్డులకు ఉంటుంది. అది లేకపోతే, బయోస్ మార్చి ఇమ్మని అమ్మేవారినే అడిగి తీసుకోండి.

3. డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి

ధరలు ఇక్కడ రాయడం లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఆ ప్రభావం ఎస్ఎస్‌డీల (డేటా దాచే వేగమైన డిస్కుల) మీదా పడింది. కొనే రోజు ధరే ధర.

తగ్గించకూడనిది ఎస్ఎంపీఎస్. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేదాని మీద 450 వాట్లు అని రాసి ఉన్నా, నమ్మదగినంత శక్తిని అది నిలకడగా ఇవ్వదు. పేరున్న సంస్థది, 80 ప్లస్ బ్రాంజ్ అనే సామర్థ్యపు గుర్తు ఉన్నది, 450 వాట్లదైనా చాలు. ఇది పాడైతే తనతోపాటు బోర్డునూ తీసుకుపోగలదు. మన వైపు కరెంటు తీరు చూసినా దీనికి పెట్టిన డబ్బు వృథా కాదు.

విడి గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకని ఒకే 16 జీబీ కంటే రెండు 8 జీబీలు మేలు. రెండు దారుల్లో డేటా వస్తుంది, బొమ్మల వేగం స్పష్టంగా పెరుగుతుంది. ర్యామ్ ధర చూసి గుండె ఆగితే ప్రస్తుతానికి ఒక 8 జీబీతో మొదలుపెట్టి, రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోండి. తర్వాత అదే మోడల్ మరొకటి చేర్చుకోవచ్చు.

క్యాబినెట్ మీద తగ్గించవచ్చు. అద్దాలు, రంగు ఫ్యాన్లు అక్కర్లేదు. ముందువైపు జాలీ ఉండి గాలి ఆడితే చాలు. మే నెలలో మన గదుల వేడికి గాజు ముఖం ఉన్న పెట్టె మంచిది కాదు. హార్డ్‌డిస్కు అవసరం లేకపోతే మానేయండి, విండోస్‌కు మాత్రం ఎస్ఎస్‌డీ తప్పనిసరి.

4. దుకాణమా, ఆన్‌లైనా

రెండూ కలపడమే నా సలహా. ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ వంటి చిన్నవి ఆన్‌లైన్‌లో కొనండి, పిన్‌కోడ్ వేసి మీ ఊరికి వస్తాయో లేదో ముందు చూసుకొని. మదర్‌బోర్డు, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ మాత్రం విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో విశాఖలోనో నేరుగా చూసి కొనండి. ఇంటెల్ బోర్డు అయితే సాకెట్ మీది నల్లటి ప్లాస్టిక్ మూత కౌంటర్ దగ్గరే తీయించి, ఫోను టార్చి పక్కనుంచి వేసి, లోపలి పిన్నుల వరుసలు చూడండి. ఒక్కో వరుసలో అన్నీ ఒకే తీరున మెరవాలి. ఒక్కచోట మెరుపు తేడాగా ఉన్నా అక్కడ పిన్ను వంగి ఉందని అర్థం. ఇంటికి తెచ్చాక వంగిన పిన్నుకు వారంటీ వర్తించదు. ఫొటో తీసి ఉంచుకోండి. ఆ మూతనూ పారేయవద్దు, బోర్డు వారంటీకి పంపేటప్పుడు అది పెట్టి పంపాలి.

బిల్లు లేకుండా జీఎస్టీ 18 శాతం తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. పెట్టె లేని ‘ట్రే’ ప్రాసెసర్ చవకగా ఇస్తామంటారు. పెట్టెతో వచ్చే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు కంపెనీ వారంటీ 3 ఏళ్లు ఉంటుంది, ట్రే సరుకుకు అమ్మినవారి మాటే వారంటీ. ఆన్‌లైన్ పార్శిల్ విప్పేటప్పుడు చిరునామా చీటీ దగ్గర మొదలుపెట్టి ఆగకుండా వీడియో తీయండి. ప్రాసెసర్ పెట్టెలో వేరే వస్తువు వచ్చినప్పుడు ఆ వీడియో తప్ప మన చేతిలో ఇంకేమీ ఉండదు.

5. పెట్టెలు తెరిచే ముందు ప్లగ్గు చూడండి

అమర్చిన కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటున్నాయని చాలా ఇళ్లలో వింటాం. ఎస్ఎంపీఎస్ పాడైందనుకొని మార్చేస్తారు, మార్చినా జిల్లు పోదు. కారణం గోడలో ఉంది. ఎస్ఎంపీఎస్ లోపల విద్యుత్ రొదను తగ్గించే చిన్న కెపాసిటర్లు ఫేజ్, న్యూట్రల్‌ల నుంచి క్యాబినెట్ ఇనుముకు కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే 230 వోల్టులలో సగం దాకా ఆ ఇనుము మీదే నిలుస్తుంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో చూపించుకోండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. ఉద్దానం వైపు ఇసుక నేలల్లో, తీరం వెంట ఉన్న ఊళ్లలో వేసవిలో నేల ఎండిపోయి ఎర్త్ గొయ్యి పనితనం తగ్గుతుంది. అప్పుడప్పుడు ఆ గొయ్యిలో నీళ్లు పోయడం మన పెద్దవాళ్లు చేసేదే, ఇప్పటికీ అవసరమే. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌తో పెట్టడం మాత్రం వద్దు.

విడి కార్డు లేని డెస్క్‌టాప్‌కు, మానిటర్‌తో కలిపి, 600 వీఏ యూపీఎస్ చాలు. పని సర్దుకొని ఆపుకొనేంత సమయం ఇస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ‘యూపీఎస్’ మోడ్ మీట ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే వ్యవధి ఎక్కువ. ఎస్ఎంపీఎస్ తనలోని నిల్వతో సుమారు 16 మిల్లీసెకన్లే నిలబడగలదు కాబట్టి కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక కరెంటు లేని రోజులు చూసినవారికి ఒకటి చెప్పనక్కర్లేదు: గాలివాన హెచ్చరిక వచ్చిందంటే ప్లగ్గుతోపాటు ఇంటర్నెట్ తీగను కూడా ఊడదీయండి.

6. క్యాబినెట్‌లో పెట్టకముందే వెలిగించి చూడండి

ఈ దశను దాటవేయకండి. మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే బోర్డు పరవండి. వెండి రంగు సంచి మీద వద్దు, దాని పైపొర కరెంటును పారించగలదు. పని మొదలుపెట్టే ముందు ఎర్త్ ఉన్న ఇనుప వస్తువేదైనా ముట్టుకోండి.

ప్రాసెసర్ మూల మీది బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుకు కలపండి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. మీట ఎత్తి పెడితే దాని బరువుకే దిగాలి, వేలితో నొక్కకూడదు. ఎల్‌జీఏ1700లో మీట దించేటప్పుడు గట్టిగా ఉంటుంది, కిర్రుమని శబ్దం వస్తుంది. అది మామూలే.

కూలర్ దగ్గర కొత్తవారికి చెమటలు పడతాయి. రైజెన్‌తో వచ్చే రైత్ స్టెల్త్ కూలర్ పెట్టాలంటే ముందు బోర్డు మీది రెండు ప్లాస్టిక్ పట్టీలు తీసేయాలి. ఆ నాలుగు స్క్రూలు తీయగానే బోర్డు అడుగున ఉన్న ఇనుప పలక కింద పడిపోతుంది. ఏదో విరిగిందని కంగారు పడవద్దు. పలకను ఎడమ చేత్తో కిందనుంచి పట్టుకొని, కూలర్ స్క్రూలు నాలుగూ ఎదురెదురు మూలల్లో రెండేసి చుట్లు తిప్పుతూ సమానంగా దించండి. ఒక మూల పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే నాలుగోది అందదు. కూలర్ అడుగున వేడిని లాగే పేస్టు ముందే రాసి ఉంటుంది, దాన్ని తాకకండి. విడిగా రాయాల్సి వస్తే బఠాణీ గింజంత చాలు. ఇంటెల్ కూలర్‌కు నొక్కుడు కాళ్లుంటాయి. ఎదురెదురు మూలలు జంటగా నొక్కి, నాలుగూ బోర్డు అడుగున బయటికి వచ్చాయో లేదో తిప్పి చూడండి. ఒకటి పట్టకపోయినా ప్రాసెసర్ వేడెక్కిపోతుంది. ఫ్యాన్ తీగ ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసిన చోటే పెట్టాలి.

ర్యామ్ ఒక్కటే పెట్టి చూడండి. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ నుంచి రెండోది. గాడి కలిసిందో లేదో చూసి, టక్కుమనే దాకా రెండు కొసలూ గట్టిగా నొక్కాలి. సగం దిగిన ర్యామే నల్ల తెరకు ప్రధాన కారణం. తర్వాత 24 పిన్నుల తీగ, ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్నుల తీగ కలపండి. ఎస్ఎంపీఎస్ నుంచి గ్రాఫిక్స్ కార్డు కోసం వచ్చే 8 పిన్నుల తీగ వేరు, దాన్ని ఇక్కడ దూర్చకండి. ‘సీపీయూ’ అని రాసినదే వాడండి. మానిటర్ తీగ బోర్డుకే పెట్టి, ఎస్ఎంపీఎస్ మీట వేసి, బోర్డు అంచున ‘పవర్ స్విచ్’ అని రాసిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకించండి. తెర మీద బయోస్ వస్తే పెద్ద గండం గడిచినట్టే.

7. క్యాబినెట్‌లో బిగించడం

చవక బోర్డులతో వెనక పోర్టుల చుట్టూ పెట్టే రేకు విడిగా వస్తుంది. బోర్డు పెట్టకముందే దాన్ని క్యాబినెట్‌కు నొక్కి పెట్టాలి. అంచులు చేతులు కోస్తాయి, గుడ్డ చుట్టుకొని నొక్కండి. దాని నాలుకలు పోర్టుల లోపలికి దూరకుండా చూడండి.

బోర్డు కిందికి వచ్చే ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును ఎత్తి నిలిపే చిన్న కాళ్లు) బోర్డు రంధ్రాలున్న చోటే ఉండాలి. ఒకటి ఎక్కువగా, రంధ్రం లేనిచోట మిగిలితే అది బోర్డు అడుగున తగిలి షార్ట్ అవుతుంది. స్క్రూలలో సన్న మర, ముతక మర అని రెండు రకాలు కలిపి ఇస్తారు. వేలితో తిప్పితే సాఫీగా దిగేదే సరైనది, బలవంతం చేస్తే మర పోతుంది. బోర్డుకే నేరుగా బిగించే ఎం.2 ఎస్ఎస్‌డీ స్క్రూ మినుము కంటే చిన్నది, బోర్డు పెట్టెలో చిన్న సంచిలో ఉంటుంది. దాన్ని ముందే వెతికి పెట్టుకోండి.

ముందు బటన్ల తీగలకు బోర్డు పుస్తకంలోని పటమే ఆధారం. స్విచ్‌లకు అటూఇటూ లేదు, లైట్లకు ఉంది. యూఎస్‌బీ 3 తీగ పిన్నులు వంగే గుణం ఉన్నవి, గాడి చూసి నిదానంగా దించండి.

8. తెర నల్లగా ఉంటే

ఈ వరుస తప్పించకుండా చూడండి. ఎస్ఎంపీఎస్ వెనక మీట, 8 పిన్నుల తీగ, మానిటర్‌లో ఎంచిన ఇన్‌పుట్, తీగ ఏ పోర్టుకు పెట్టారు. కార్డు ఉంటే కార్డుకే పెట్టాలి, లేకపోతే బోర్డుకు. డీడీఆర్5 అయితే మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, కంగారుపడి ఆపేయకండి. చాలా బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది ఆరకుండా ఉంటే చిక్కు అక్కడే.

డీర్యామ్ లైటు అయితే కరెంటు తీసి, ర్యామ్ తీసి, వేరే స్లాటులో పెట్టి చూడండి. రబ్బరుతో రుద్దడం కొత్త ర్యామ్‌కు అక్కర్లేదు. నిజానికి పనిచేసేది చాలాసార్లు తీసి మళ్లీ పెట్టడమే. అప్పటికీ రాకపోతే ప్లగ్గు తీసి, బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి. బయోస్ మొదటి స్థితికి వస్తుంది. అట్టపెట్టె మీద వెలిగినది క్యాబినెట్‌లో వెలగకపోతే తప్పు స్టాండాఫ్‌లలోనో ముందు తీగలలోనో ఉంది. ఆరో దశ చేసినందుకు దక్కే లాభం ఇదే.

9. విండోస్ లేదా లినక్స్

8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ సైటు నుంచే తయారుచేసుకోండి. బయోస్‌లో టీపీఎం అనే భద్రతా సదుపాయం (ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం) పనిచేస్తూ ఉండాలి. విండోస్ పెట్టేటప్పుడు ఇంటర్నెట్ అడుగుతుంది, కొత్త బోర్డు నెట్‌వర్క్ డ్రైవర్ అందులో లేక అక్కడే ఆగిపోవచ్చు. ఆ డ్రైవర్‌ను బోర్డు సైటు నుంచి ముందే మరో పెన్‌డ్రైవ్‌లో దించి ఉంచుకోండి. లైసెన్సుకు డబ్బు లేకపోతే లినక్స్ మింట్ లేదా ఉబుంటు వేసుకోండి. రెండింటిలోనూ తెలుగు చదవడం, రాయడం చక్కగా కుదురుతుంది.

బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే అమరిక) పెట్టకపోతే 3200 ర్యామ్ తక్కువ వేగంతోనే నడవవచ్చు. 16 జీబీ పెడితే 15 చిల్లర మాత్రమే వాడకానికి ఉందని విండోస్ చూపినా ఎవరూ మోసం చేయలేదు, మిగిలినది గ్రాఫిక్స్ తీసుకుంది.

10. వాపసు గడువు లోపల చేయాల్సిన పరీక్షలు

ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాంను రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపినా ర్యామ్ తిప్పి పంపండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఎస్ఎస్‌డీ వాడిన గంటలు చూడండి. కొత్తదని అమ్మినదానిలో వందల గంటలు కనిపిస్తే అది వాడినదే. బరువైన పని ఒక అరగంట ఇచ్చి వేడి చూడండి. 5600జీకి గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు, ఐ3-12100కు 100. మన వేసవిలో 80 దాటకపోతే నిశ్చింత. రెండు నిమిషాల్లోనే 95కు చేరితే కూలర్ మళ్లీ తీసి పెట్టండి. ఏఎం4లో తీసేటప్పుడు నేరుగా లాగకండి, ప్రాసెసర్ సాకెట్ నుంచి ఊడి దానితోపాటే వచ్చి పిన్నులు వంగుతాయి. కాసేపు వాడి వెచ్చబడ్డాక, కరెంటు తీసేసి, అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

వస్తువు చెడిపోయి వచ్చి, అమ్మినవారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే, అమ్మిన సంస్థ ఏ నగరంలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కొన్న ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. బిల్లు, సీరియల్ నంబరు ఫొటో, పార్శిల్ విప్పిన వీడియో, సాకెట్ ఫొటో అన్నీ ఫోనులోనే కాకుండా మెయిల్‌లోనూ దాచి ఉంచండి. పెట్టెలు, లోపలి అట్టలు కనీసం వాపసు గడువు ముగిసేదాకా అటక మీద ఉండనివ్వండి.